ఆరిన వినుదీపం

కాపుతొడుగు ఆ పొద్దున్నే విశాఖ అంతటా అమల్లోకి వచ్చింది. కాసేపటికే ఆఫీసులో కాజాలు పంచడం మొదలుపెట్టారు. పై అధికారి ఫణిశ్రీ ఒకటి తీసి త్రినాథ్ చేతిలో పెట్టి, "ఇంక ఈ ఊళ్లో తెరిచి మరిచిన దస్త్రమంటూ ఉండదోయ్. అంతా నీ చలవే," అంది. త్రినాథ్ పొంగిపోయాడు. పొంగిపోవడంలో అతను ఎప్పుడూ వెనకబడింది లేదు.

ఊళ్లో చెప్పుకునేవాళ్లు ఎక్కువై వినేవాళ్లు కరువయ్యాక వచ్చినవి వినుదస్త్రాలు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని కష్టసుఖాలు చెప్పుకోవచ్చు. అవతలి మనిషి ఆ దస్త్రం తెరిస్తే, మళ్లీ మూసేదాకా చెప్పేవాళ్లు ఎక్కడుంటే అక్కడి గోడమీద చిన్న వినుదీపం వెలుగుతూ ఉంటుంది. చిక్కల్లా, తెరిచినవాళ్లు మూయడం మరిచిపోవడమే. నగర యంత్రాలన్నింటినీ నడిపే కెర్నెల్ అనే మూల ప్రోగ్రాము ఆ మరిచిన దస్త్రాలను మోయలేక రొప్పేది. ఒక్కోసారి జ్ఞాపకం తడబడి, ఒకరింటి ఏడుపు తీసుకెళ్లి ఇంకొకరి చెవిలో పోసేది. త్రినాథ్ తయారుచేసిన కాపుతొడుగు, తెరిచిన ప్రతి దస్త్రాన్నీ చుట్టుకుని కనిపెట్టుకుని ఉంటుంది. పట్టుకున్న మనిషి వదిలేసి పోయాడని తెలియగానే చడీచప్పుడు లేకుండా తనే మూసేస్తుంది.

కాజా ఇంకా నోట్లో ఉండగానే చెవిపూస ఫోను మోగింది. సన్యాసమ్మ. సాగరరైలు నడిపి రిటైరైన మనిషి. చదువుకునే రోజుల్లో త్రినాథ్ ఆవిడ మేడగదిలో అద్దెకుండేవాడు. గది ఖాళీ చేసిన రోజు ఆవిడ ఎదుటే ఆవిడ దస్త్రం తెరిచి, రోజూ వింటానని మాటిచ్చాడు. ఒక వారం విన్నాడేమో. తర్వాత ఉద్యోగంలో పడి ఆ ఊసే మరిచాడు.

"బాబూ, నీ మాటే ఇన్నాను. ఆస్పత్రికి ఎల్నేదు," అందావిడ.

"ఏ మాట పిన్నీ?"

"నిన్న సెప్పాను గదా, ఇయాల మద్దినేళకి గుండె ఆపరేసనని. నాకు బయ్యంగా ఉన్నాది, నువ్వు వొద్దనుకుంటే దీపం ఆర్పీ, మానీస్తానన్నాను. ఇన్నేళ్లూ ఆరని దీపం పొద్దున్న ఆరిపోనాది. డాట్రుకి రానని సెప్పీసినాను."

దాన్ని ఆర్పింది తన కాపుతొడుగేనని త్రినాథ్‌కి అర్థమైంది. అబద్ధమే ముందు నోటికొచ్చింది.

"చెయ్యి తగిలి ఆరిపోయింది పిన్నీ. నువ్వు వెళ్లు."

"నా గొంతులో బయ్యం ఇని మాట మారస్తన్నావు. నువ్వు ఆలోసించకండా ఆర్పవు. మా మంగ పోనప్పుడు రాత్రల్లా ఏడిస్తే, నీ దీపమే గదా తోడున్నాది."

"మంగ పోయిందా?" అనేశాడు.

మంగ ఆవిడ ఒక్కగానొక్క కూతురు. మేడమీద అతనితో క్యారమ్స్ ఆడి, ఓడిపోతే గొడవపెట్టుకునేది. అన్న మాట వెనక్కి తీసుకోలేక త్రినాథ్ సిగ్గుతో కుంచించుకుపోయాడు. చుట్టూ అందరూ తననే మెచ్చుకుంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ ఇప్పుడు నోరు మూసుకుంటే ఆవిడ ప్రాణం మీదికొస్తుంది.

"నేను వినలేదు పిన్నీ," అన్నాడు. "వెళ్లిన వారం తర్వాత ఒక్కరోజూ వినలేదు. మూయడం కూడా మరిచిపోయాను. ఇవాళ నేను చేసిన యంత్రమే దాన్ని మూసింది. ఆపరేషన్ వద్దని నేననలేదు. ఇప్పుడే డాక్టరుకి ఫోన్ చెయ్యి, నీ కాళ్లు పట్టుకుంటాను."

సన్యాసమ్మ గొంతు వినిపించింది. అందులో కోపం లేదు.

"మరి ఇన్నేళ్లూ నానెవుల్తోటి మాటాడినాను బాబూ?"

"ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి పిన్నీ," అన్నాడు త్రినాథ్.

"సర్లే, ఎల్తాను," అని పెట్టేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆవిడకు తెలివొచ్చిందని తెలిసి త్రినాథ్ ఆసుపత్రికి పరిగెత్తాడు, కానీ లోపలికి వెళ్లే మొహం లేక వరండాలోనే నిలబడి ఆవిడ వినుదస్త్రం తెరిచాడు. ఈసారి నిజంగానే చెవి ఒగ్గి విన్నాడు.

గదిలో మంచం ఎదురుగా గోడమీద అతని దీపం వెలిగింది. సన్యాసమ్మ దానివైపు కాసేపు చూసింది.

"నర్సమ్మా, దాన్ని ఆర్పీయవా? కంట్లో పడతంది," అంటూ అటు తిరిగి పడుకుంది.