హాజరు పలికిన గంట

సెలవు రోజు మధ్యాహ్నం, మనిషన్నవాడు లేని ఆఫీసంటే పింగుగారికి పరమానందం. "మా ప్రింటరు ఉలకట్లేదు పలకట్లేదు" అంటూ ప్రాణం తీసేవాళ్ళుండరు. పండ్లు నిలవచేసే ఆ పెద్ద గిడ్డంగిలో కింది అంతస్తున, కిటికీ కూడా లేని సర్వర్ గదిలో ఆయనొక్కడే కూర్చుని ఉన్నాడు. పింగుగారన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరేం కాదు. ఏ మెషిను మొరాయించినా "ముందు పింగ్ చేసి చూద్దాం" అంటాడని తోటివాళ్ళు తగిలించారు. అదే స్థిరపడిపోయింది.

పింగంటే బ్రహ్మవిద్యేమీ కాదు. అవతలి మెషిను తలుపు తట్టి "ఉన్నావా?" అనడం, అది "ఉన్నా" అనడం, అంతే. కంప్యూటర్లు, కెమెరాలు, తలుపుల తాళాలు, చలిగదుల్లో వేడి కొలిచే మీటర్లు, ఇలా గిడ్డంగిలో ఉన్న ప్రతిదాని తలుపూ వరసగా తట్టుకుంటూ పోయేదాన్ని స్కాన్ అంటారు. బళ్ళో పంతులుగారు హాజరు వేసినట్టన్నమాట. పలికింది ఆకుపచ్చ, పలకనిది ఎరుపు. దానంతటదే నడుస్తుంది. ఎక్కడైనా ఆగితే ఎందుకాగిందో చూసి సరిచెయ్యడం పింగుగారి కొలువు.

ఆ రోజు బయట వాన. లోపల ఫ్యాన్ల హోరు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. స్కాన్ మొదలుపెట్టి కుర్చీలో వాలాడు. మనిషైతే వాలాడు గానీ మనసు వాలితేనా? తెల్లారితే బావమరిది మీద విచారణ.

భార్య తమ్ముడు. ఆ గిడ్డంగిలో కాపలా ఉద్యోగం ఇప్పించింది ఈయనే. అక్కడే చలిగది సామాను చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, ప్రతివాణ్ణీ "అబ్బాయ్" అని పిలిచేవాడు. మొన్నీమధ్య ఆయన చలిగదిలో ఉండిపోయాడు. లోపలి గడియ మంచుకి బిగుసుకుపోయింది. అలాంటప్పుడు నొక్కడానికే గోడకి ఒక గంట ఉంటుంది, దానికో మైకు. నొక్కి మాట్లాడితే కాపలా గదిలో వినిపించాలి. పెద్దాయన నొక్కాడు. చర్మం ఊడొచ్చి బటనుకి అంటుకునేదాకా నొక్కాడు. అయినా ఎవరూ రాలేదు.

కాపలావాడు నిద్రపోయాడన్నారు. గంట పరీక్షించి చూస్తే గణగణ మోగింది మరి. ఇక ఆ కుర్రాడి మాట ఎవడు వింటాడు? పని ఎటూ పోతుంది, జైలు కూడా తప్పదంటున్నారు.

అసలు సంగతి తెలిసినవాడు లోకంలో ఒక్కడే. ఆ గంట పాతది. స్కాన్ వచ్చి తలుపు తట్టినప్పుడల్లా, ఎవరో నొక్కారనుకుని ఊరికే మోగేది. కాపలావాళ్ళు పరిగెత్తుకెళ్ళడం, ఎవరూ లేక తిట్టుకుంటూ రావడం. కొత్త గంట కావాలని పైవాళ్ళకి చెప్పి, పదిసార్లు తిరిగి, సంతకాలు పెట్టించే ఓపిక పింగుగారికి లేకపోయింది. "ఆ ఒక్కదాన్నీ వదిలేసి ముందుకు పో" అని స్కాన్‌కి చెప్పేశాడు. పీడా పోయిందనుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడో నడవాలో సామాను బండి ఎక్కి దాని కేబుల్ తెగింది. హాజరులో ఉంటే మర్నాడే ఎర్రగా కనిపించేది. పిలవని పేరు పలకలేదని ఎవరికి తెలుస్తుంది?

సరే, అది నిర్లక్ష్యం. మనుషులం, జరుగుతుంటాయి. కానీ పెద్దాయన పోయాడని తెలిసిన గంటలో ఈయన చేసిన పని ఉందే, అది మాత్రం నిర్లక్ష్యం కాదు. అందరూ శవం చుట్టూ మూగి ఉంటే, ఈయన నడవాలోకెళ్ళి కొత్త కేబుల్ వేశాడు. గంటని మళ్ళీ హాజరులో చేర్చాడు. ఆ తర్వాతే వచ్చి పరీక్షించారు, గణగణ మోగింది.

అప్పట్నుంచీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడంతోనే సరిపోతోంది. ఇందాకే భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, వాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టట్లేదు. వాడు నిద్రపోలేదండీ, నా తమ్ముడు నాకు తెలీదా? మీరు పెద్దసారుతో ఒక్క మాట చెప్తే..."

"చూద్దాంలే."

"చూద్దాంలే కాదండీ. మీరు తప్ప వాడికి ఎవరున్నారు?"

ఫోన్ పెట్టేశాడు. ఛీ, ఏం బతుకురా నీది అని తనని తనే తిట్టుకున్నాడు. తిట్టుకోవడం వల్ల కేబుల్ పాతదవుతుందా?

తెర వైపు చూస్తే స్కాన్ ఆగిపోయి ఉంది.

ఎక్కడ ఆగిందా అని చూశాడు. చలిగది గంట దగ్గర.

అది ఎర్రగా ఉండాలి. పెద్దాయన పోయాక ఆ గదికి సీలు వేసి, కరెంటు తీసేశారు. కరెంటు లేని గంట పలకడానికి వీల్లేదు. ఇది ఆకుపచ్చగా వెలుగుతోంది.

పాత సంగతేదో తెరమీద మిగిలిపోయి ఉంటుందనుకున్నాడు. స్కాన్ ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. అక్కడికొచ్చేసరికి మళ్ళీ ఆగింది. సరే, ఏ మెషినుకైనా అదే మందు... పింగ్ చేశాడు.

జవాబొచ్చింది.

చాలా ఆలస్యంగా వచ్చింది. నడవలేని మనిషి తలుపుదాకా వచ్చి తీసినట్టు.

ఇంకోసారి చేశాడు. ఇంకా ఆలస్యంగా... వచ్చింది.

సర్వర్ గదిలో ఎప్పుడూ చెమట పట్టేది. ఇప్పుడు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ప్లాస్టిక్ వాసన పోయి, మురగబోయే పండ్ల తియ్యటి వాసన, దాని వెనకే మంచు వాసన. ఊపిరి వదిలితే నోటి ముందు పొగలా కనిపించింది.

తెరమీద ఒక వరస పడింది. 'గంట నొక్కారు.'

కాసేపటికి ఇంకొకటి. 'గంట నొక్కారు.'

ఆ వెంటనే వరసలు జోరుగా పడ్డాయి. ఒకదాని మీద ఒకటి. ఆపకుండా. అవి ఏ నొక్కుళ్ళో ఆయనకి అర్థమైపోయింది. పెద్దాయన పోయిన రోజు, తెగిన కేబుల్ దగ్గర ఆగిపోయినవి. ఇవతలికి చేరనివి. అన్నీ ఇప్పుడొస్తున్నాయి.

రానురాను జోరు తగ్గింది. ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి...

చాలాసేపు ఏమీ రాలేదు.

అప్పుడు, కంప్యూటరు పక్కనున్న చిన్న స్పీకరు గరగరలాడింది. పళ్ళు టకటక కొట్టుకుంటున్న చప్పుడు. ఆ మధ్యలోంచి, గుసగుసగా...

"అబ్బాయ్... ఉన్నావా?"

పింగుగారు నోరు తెరిచాడు. 'ఉన్నా' అనడానికి ఒక్క క్షణం పట్టదు. కానీ ఉన్నానంటే అన్నీ చెప్పాలి. కేబుల్ సంగతి చెప్పాలి. పెళ్ళాం మొహం చూడాలి. నోరు మూసుకున్నాడు.

"అబ్బాయ్... చలి..."

"నన్నొదిలెయ్యి పెద్దాయనా" అన్నాడు, తన చెవికే వినపడనంత మెల్లగా. చలిగది నుంచి వచ్చే దారిని, కేబుళ్ళన్నీ కలిసే స్విచ్ పెట్టె దగ్గరే మూసేశాడు. స్కాన్‌తో మళ్ళీ ఆ మాటే చెప్పాడు. దాన్ని వదిలేసి ముందుకు పో.

స్పీకరు ఆగింది. స్కాన్ కదిలింది. గది మెల్లగా మళ్ళీ వేడెక్కింది.

టేబుల్ మీద తల వాల్చి ఏడ్చాడు. ఏడుస్తూనే, రేపు విచారణలో ఏమీ మాట్లాడకూడదని గట్టిగా అనుకున్నాడు. పోయినవాడు ఎలాగూ పోయాడు. కుర్రాడికి మంచి వకీలుని పెడదాం. అంతకన్నా ఏం చెయ్యగలం? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. ఆ పిల్లికైనా ఆకలన్న సాకుంది.

స్కాన్ ముగింపుకొస్తుండగా ఫోన్ మోగింది. బావమరిది.

"బావా" అన్నాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, రెండూ కలిసిపోయాయి. "నీ రుణం ఎలా తీర్చుకోను బావా? పెద్దసారు ఇప్పుడే ఫోన్ చేశారు. విచారణ ఉండదన్నారు."

"ఏమంటున్నావురా?"

"నువ్వు అన్నీ చెప్పేశావటగా. స్కాన్‌లోంచి తీసేసింది, కేబుల్ మార్చింది. అబద్ధమెందుకు బావా, విన్నప్పుడు ఒళ్ళు మండింది. కానీ చెప్పావు చూడు, అది చాలు నాకు. అక్కకి నేను సర్దిచెప్తాలే."

"నేను... ఎవరికీ ఏమీ చెప్పలేదురా."

"ఊరుకో బావా. సారు నీ గొంతు గుర్తుపట్టరా? కాకపోతే మనిషి వణికిపోతున్నాడు, పళ్ళు కొట్టుకుంటున్నాయి, చలిగదిలో ఉన్నానన్నాడు, వెళ్ళి ఇంటికి తీసుకుపో అన్నారు. అందుకే ఉన్నపళాన వచ్చేశా."

"ఎక్కడికొచ్చావు?"

"చలిగది దగ్గరే ఉన్నా. సీలు నువ్వే తీశావా? కరెంటు లేదన్నారు, లోపల లైటు వెలుగుతోందే."

కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాడు పింగుగారు. ఆ గదికీ ఈ గదికీ మధ్య మూడంతస్తుల మెట్లు, గిడ్డంగి పొడవంతా నడవా. లోపలి గడియ ఇంకా బాగుచెయ్యలేదు. గంట దారి ఇప్పుడే తన చేత్తో మూశాడు.

"ఒరేయ్, లోపలికి వెళ్ళకు. నేను అక్కడ లేను. నా మాట విను, వెళ్ళకురా..."

అవతల ఇనప తలుపు కిర్రుమన్న చప్పుడు. బావమరిది నవ్వాడు. బావతో పరాచికాలాడేటప్పటంత తేలిగ్గా నవ్వాడు.

"ఏంటి బావా, ఫోన్లో వెళ్ళొద్దంటావు, ఇక్కడేమో రమ్మని చెయ్యూపుతున్నావు?"