చక్కెర ఎక్కువైన టీ

స్వరాజ్యం చేతి టీ అంటే బోరబండలో వాళ్ల గల్లీ అంతా చెవి కోసుకుంటుంది. చక్కెర దగ్గర మాత్రం ఆమె మహా పిసినారి. అలాంటి మనిషి పెట్టే టీ ఈమధ్య పాకంలా ఉంటోందంటే కూతురు అనుపమకు అనుమానం రాకుండా ఉంటుందా? తీపి వెనకాల చేదు కూడా తగులుతోంది. ఆ ఉదయం ఒక్క గుక్క తాగి, గ్లాసులో స్పూను పెట్టి కలిపి చూస్తే అడుగునుంచి తెల్లటి నలుసులు పైకొచ్చాయి.

ఇంకొకరికైతే ఇది చిన్న విషయం. అనుపమకు కాదు. అప్పట్లో సైకోసిస్ అనే మానసిక జబ్బు వచ్చినప్పుడు ఆమెకు మొట్టమొదట పుట్టిన భయం ఇదే, తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారని. కంచాలు విసిరికొట్టింది, ఎవరికీ వినపడని గొంతులకు జవాబులు చెప్పింది, కన్నతల్లిని చూసి లోపల గడియ పెట్టుకుంది. మందులు కాపాడాయి. పంజాగుట్టలో తనలాంటి వాళ్లు ఆదివారాలు కూర్చుని మాట్లాడుకునే చోటు కాపాడింది. మిగతా పని ఆమె మొండితనం చేసింది. ఇప్పుడు రాత్రిపూట మాత్ర ఎవరూ గుర్తు చేయకుండానే వేసుకుంటోంది.

ఈ రోజు అమీర్‌పేట మైత్రీవనంలోని కోచింగ్ సెంటర్లో ఆమె డెమో క్లాసు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పాలి. అమీర్‌పేటలో డెమో అంటే పెళ్లిచూపులే. పిల్లలు ఉచితంగా వచ్చి వింటారు, నచ్చితే చేరతారు, లేకపోతే పక్క సెంటర్ బోర్డు కిందికి పోతారు. ఈ క్లాసు నిలబడితే జబ్బు చేసి పోగొట్టుకున్న ఉద్యోగం మళ్లీ ఆమెదే. కానీ కొన్నాళ్లుగా పగలంతా కళ్లు మూతలు పడుతున్నాయి. దానికి తోడు ఇప్పుడీ అనుమానం. జబ్బు తిరగబెట్టిందేమోనన్న ఆలోచన రాగానే ఆమె గ్లాసుతోనే లేచింది.

మిద్దె మీదికి వెళ్లి సుమశ్రీకి ఫోన్ చేసింది. శ్రీనగర్ కాలనీలో ఉంటుంది, ఆదివారం కలిసేవాళ్లలో ఒకతె. ఒకప్పుడు టీవీలో వార్తలు చదివేవాళ్లు తనతోనే మాట్లాడుతున్నారని నమ్మిన మనిషి, ఇప్పుడు బ్యాంకులో దర్జాగా పనిచేస్తోంది.

"నిజమో కాదో నాకు తెలుస్తలేదు సుమా."

"తెలియకపోతే అడుగు. అప్పుడు మనం ఎవర్నీ అడగలేదు కదా, మనకి మనమే తేల్చేసుకున్నాం. నిదానంగా వెళ్లి అడుగు. కాదని తేలితే డాక్టరుగారి దగ్గరికి నేనూ వస్తాను. అంతేగా, ఏముంది ఇందులో?"

ఆ మాటతో అనుపమకు ఊపిరాడింది. కిందికి వచ్చేసరికి తండ్రి కనకయ్య ఆటో తీయడానికి ఖాకీ చొక్కా తొడుక్కుంటున్నాడు. ఆమె గ్లాసు వంటగట్టు మీద పెట్టింది.

"అమ్మా, టీల ఏమన్న కలుపుతున్నవా?"

స్వరాజ్యం చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏం కలుపుత? చాపత్త, చక్కెర."

"చేదుగుంది. అడుగున తెల్లగ ఏదో ఉంది."

"మళ్ల మొదలువెట్టినవా గా మాటలు?" స్వరాజ్యం గొంతు పెంచింది. "ఏమయ్యా, ఇంటున్నవా? క్లాసు వద్దు, గీసు వద్దు. ముందుగాల డాక్టర్‌కు ఫోన్ చెయ్యి."

అనుపమకు తన మీద తనకే నమ్మకం సడలింది. అమ్మ అబద్ధమాడుతుందా? ఆడదు. అయితే తప్పు తన బుర్రదే. అయినా గొంతు లేవనివ్వలేదు. "నేను లొల్లి చేస్తలేనమ్మా. అడుగుతున్న, గంతే."

"జర ఆగుండ్రి," అన్నాడు కనకయ్య. "గింత దానికి డాక్టరెందుకు? గా టీ నేను తాగుత. నాకేం గాకపోతె బిడ్డకు నమ్మకమొస్తది." గ్లాసు ఎత్తి పెదాల దాకా తెచ్చాడు.

స్వరాజ్యం ఒక్క ఉదుటున వచ్చి గ్లాసు లాక్కుంది. టీ అంతా అతని ఖాకీ చొక్కా మీద ఒలికింది.

"వద్దయ్యా. ఆటో నడిపేటోనివి. నిద్రొస్తది."

అన్న తర్వాత గానీ తనేమన్నదో ఆమెకు తెలియలేదు. ముందుగా అనుపమే నవ్వింది, కళ్లవెంట నీళ్లు కారుతుండగానే. "నిజమేనే బాపూ. నాకు తిరగబెట్టలే."

ఆ సంతోషం తగ్గాక కోపం వచ్చింది. "ఎందుకు చేసినవమ్మా?"

"డాక్టర్ గోలీ తగ్గించిండు గద. పాతయి మిగిలినయ్," అంది స్వరాజ్యం తల దించుకుని. "డెమో అన్నకాడికెల్లి నాకు నిద్ర లేదు. అప్పుడు సుత క్లాసులు చెప్పుకుంటనే గట్లయినవ్. ఇంకోటి పడితె గట్టిగుంటవనుకున్న. నూరి నీ గ్లాసుల కలిపిన, చేదు తెల్వకుండ చక్కెర ఎక్కువేసిన."

"రాత్రి నేనొకటి ఏస్కుంట, పొద్దుగాల నువ్వొకటి తాపుతవ్. ఇగ తూగకేం చేస్త? మళ్లొచ్చిందని లోపల్లోపల సచ్చిపోయిన." అనుపమ తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది. "నాకు భయమైతె నిన్ను అడిగిన. నీకు భయమైతె నన్నెందుకు అడగలేదమ్మా?"

స్వరాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బియ్యం డబ్బా వెనక దాచిన మాత్రలన్నీ తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. అనుపమ అక్కడే నిలబడి డాక్టరుకు ఫోన్ చేసి, అమ్మ వింటుండగానే ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అన్నీ అడిగి తెలుసుకుని, క్లాసుకు వెళ్లొచ్చన్నాడు. మధ్యాహ్నం తల్లీకూతుళ్లిద్దరినీ రమ్మన్నాడు.

"నువ్వు సుత రా క్లాసుకు," అంది అనుపమ. "డెమో ఫ్రీనే."

టీ మరకల చొక్కాతోనే కనకయ్య ఇద్దరినీ మైత్రీవనం దగ్గర దింపాడు. స్వరాజ్యం చివరి బెంచీలో పిల్లల మధ్య ముడుచుకుని కూర్చుంది. ఆమెకు అర్థమైంది తక్కువే. కూతురు బోర్డు ముందు నిలబడి, "చెడిపోయిందని కంగారు పడొద్దు, బాగుందని వదిలేయొద్దు, నడిపి చూడండి," అంటుంటే మాత్రం కళ్లార్పకుండా చూసింది. క్లాసయ్యాక పిల్లలు చేరడానికి కౌంటర్ దగ్గర వరస కట్టారు. ఆ వరసను స్వరాజ్యం వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంది.

కింద టీ బండి దగ్గరికి తనే వెళ్లి రెండు టీలు తెచ్చింది. ఒకటి అందించబోతూ ఆగింది. "నేనొక గుక్క తాగి ఇయ్యాల్నా?"

అనుపమ గ్లాసు అందుకుంది. అడుగు చూడలేదు. ఊదుకుంటూ చివరిదాకా తాగి, "జర చక్కెర తక్కువైందమ్మా," అంది.

"ఇగ ఇంట్ల సుత గంతే," అంది స్వరాజ్యం, కళ్లు తుడుచుకుంటూ.