సగం రాసిన బోర్డు

"నా బోర్డు తుడిచింది ఎవరు?"

చేతిలో డస్టర్ ఉన్నవాడు అబద్ధం ఎలా ఆడతాడు? ధర్మపురి కాలేజీలో లెక్చరర్‌గా చేరిన రెండో రోజే సుందరరాజన్ దొరికిపోయాడు.

లెక్కల లెక్చరర్ సౌభాగ్యానికి నాలుగేళ్ళుగా ఒక పద్ధతుంది. రుజువు సగం రాసి వదిలేస్తుంది. మిగతా సగం మర్నాటికి పిల్లలే పూర్తి చేయాలి. వత్తల్‌మలై కొండ దిగి వచ్చే పిల్లలు దారిపొడుగునా దాని మీదే వాదించుకుంటారు.

"మళ్ళీ రాసిస్తాను మేడమ్," అన్నాడు తమిళంలో. రాస్తూ రాస్తూ గొణిగాడు, "ఏడెనిమిదులు యాభై ఆరు..."

ఆమె కోపం సగం దిగిపోయింది. బయట ఏ భాష మాట్లాడినా ఎక్కాలు ఇంటి భాషలోనే వస్తాయి మరి.

"మీరు తెలుగోళ్ళా?"

"ఇంట్లో మాత్రమే. చదివేదానికి రాదు."

"నాకూ రాదు."

ఆ వానాకాలమంతా స్టాఫ్‌రూమ్‌లో గ్రాఫ్ థియరీయే.

"మారండహళ్ళి చుట్టూ ఉండే ఊర్లన్నీ, తొక్కిన దారి మళ్ళీ తొక్కకుండా తిరిగి రాగలమా? నేను చేయబోయే రీసెర్చ్ ఇట్లాంటిదే," అందామె.

"మీరు పక్కనుంటే తొక్కిన దారే మళ్ళీ తొక్కినా నాకు సమ్మతమే."

సౌభాగ్యం నవ్వు దాచుకోలేకపోయింది.

వేసవి మొదట్లో అతని తల్లి వెంకటలక్ష్మమ్మ పిల్లను చూడను వచ్చింది. "మా ఇంటి కోడలు కొలువుకు పోదమ్మా."

"అట్లయితే నేను మీ కోడల్ని కాలేను," అంది సౌభాగ్యం. "జూన్‌లో మద్రాసు పోతా. పీహెచ్‌డీకి మూడేండ్లు. తిరిగొచ్చి ఇక్కడే పాఠం చెప్తా."

సుందరరాజన్ నేల చూశాడు. ఆ మౌనం ఆమెను తల్లి మాటకన్నా ఎక్కువ నొప్పించింది. అయినా మాట మార్చుకోలేదు.

మర్నాడు క్లాసులో బోర్డు మీద ఏదో రాసి ఉంది. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు.

"నిన్న నోరు తెరవలేదు, తప్పు నాది. ఇంటికి పోయినాక తెరిచినాను. అమ్మ ఒప్పుకొనింది. కొలువు విడవొద్దు. మూడేండ్లు కాచుకొనుంటాను. కాబట్టి..."

కింద సగం బోర్డు ఖాళీ.

"మేడమ్, ఇది ఏ చాప్టర్?" పిల్లలు తమిళంలో అడిగారు.

"సిలబస్‌లో లేదు."

సుద్దముక్క తీసుకుని, తనూ తమిళ అక్షరాల్లోనే ఆ ఖాళీ నిండా రాసింది: "కాబట్టి పెండ్లి ఈ మేలోనే. జూన్‌లో మద్రాసు బస్సు ఎక్కించేది మీరే."

తరువాతి పీరియడ్ సుందరరాజన్‌ది. డస్టర్ ఎత్తాడు, చదివాడు, దించేశాడు. ఆ గంటంతా బోర్డు మూలన మిగిలిన జానెడు చోటులోనే పాఠం చెప్పాడు.