పెరకొండ గవిలో చిమ్మటలు

తేనె వడగట్టిన గుడ్డలో బొటనవేలంత రెక్క ఒకటి మిగిలింది. నల్లమలలో రాత్రిపూట సీతాకోకల్లా ఎగిరే చిమ్మటల కోసం ఆరేళ్లుగా తిరుగుతున్న అధ్యాపకురాలు సుభాషిణి దాన్ని చూసి కొయ్యబారిపోయింది. పాచిరంగు మీద రాగి చుక్క. ఈ జిల్లాలో ఇంతవరకు ఎవరూ చూడని జాతి!

"ఇదెక్కడిది బయన్నా?"

"పెరకొండ గవిలోదమ్మా. పగలంతా ఆ గుహ గోడకు అంటుకుని నిద్దరపోతాయి," అన్నాడు చెంచు బయన్న.

పెరకొండను పేల్చి రాయి తీయడానికి ఎవరో అనుమతి అడిగి ఉన్నారు. అక్కడ ఆ చిమ్మట బతికున్నట్టు ఒక్క ఫోటో చూపిస్తే పని ఆపిస్తామన్నారు అధికారులు. కొండ పోతే బయన్న గూడేనికి తేనె లేదు. తేనె లేకపోతే తిండి లేదు.

మర్నాడు పొద్దెక్కేసరికి ముగ్గురూ కొండకొమ్ము మీదున్నారు. మూడోవాడు బయన్న బావ గురువయ్య, తాడు అతనే పట్టాడు. తేనెకు దిగేవాడి తాడు పెళ్ళాం తోడబుట్టినవాడే పట్టాలని చెంచుల కట్టుబాటు. తోబుట్టువు పసుపుకుంకాలు తన చేత్తో ఎవడు చెరుపుతాడు?

కెమెరా మెడలో వేసుకుని బయన్న దిగాడు. కింద కంటికి అడుగు ఆనని లోయ. గవి నోటికి మంచమంత తేనెపెర వేలాడుతోంది. ఈగలు రొద పెట్టాయి. తండ్రి నేర్పినట్టే పచ్చాకు కట్టకు నిప్పంటించి పొగబెట్టాడు. పొగ లేకుండా పెర దగ్గరికి పోయినవాడు ఆ గూడెంలో పుట్టలేదు. అది తప్పని అతనికి తోచలేదు, పైనున్న చదువుకున్నామెకూ తోచలేదు.

ఈగలు లేచిపోయాయి. బయన్న తాడుతో ఊగి గవిలోకి దూకాడు. అతనికంటే ముందే పొగ దూరింది. గోడ నిండా ఉన్న చిమ్మటలు ఒక్కసారిగా వణికి, ఎండుటాకుల్లా రాలసాగాయి.

"అయ్యో నా తల్లీ!" అంటూ తలగుడ్డ విప్పి పొగను తరిమాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కెమెరాకు తెల్లటి మసక తప్ప ఏమీ దక్కలేదు. అంతలో ఈగలు కసిగా తిరిగొచ్చాయి.

"లాగు బావా! లాగు!"

అరచేతులు చీరుకుపోయినా గురువయ్య తాడు వదల్లేదు. ముఖమంతా వాచి పైకొచ్చిన బయన్న పిడికిలి విప్పాడు. అందులో కదలని చిమ్మట ఒకటి ఉంది.

"బతికున్నవి లేవా?" అడిగింది సుభాషిణి.

"నేను దిగేదాకా బతికే ఉండినాయమ్మా."

తర్వాత రెండుసార్లు దిగి చూశాడు. గోడ బోసిగా ఉంది.

నెల తిరిగేసరికి పేపర్లో పడింది: జిల్లాలో తొలిసారిగా అరుదైన చిమ్మట నమోదు. కనుగొన్నవాడిగా బయన్న పేరు. చచ్చిన పురుగు సాక్ష్యానికి పనికిరాదన్నారు అధికారులు. సుభాషిణి గూడేనికొచ్చి పేపరు చదివి వినిపిస్తుండగానే పెరకొండ వైపు తొలి పేలుడు వినబడింది. గుడిసె గోడ నుంచి మన్ను రాలింది.

"ఎట్లా చచ్చినాయో రాసినారా అమ్మా?" అడిగాడు బయన్న.

ఆమె పేపరు మడిచింది. "రాయలేదు."

"రాయాల్సింది."