నాలుగో ట్రాక్

నవ్వు నాకు ముప్పయ్యేళ్ళు అన్నం పెట్టింది. అన్నం పెట్టినదాన్ని తిట్టకూడదంటారు. నాకిప్పుడు ఎనభై, ఎవరేమనుకున్నా పట్టింపు లేదు. తిడుతున్నాను.

బర్బాంక్‌లో నేను సౌండు చూసిన స్టూడియో ఇప్పటికీ ఉంది. ఏడో నంబరు షెడ్డులో ప్రతి శుక్రవారం "టాలివర్ల ఇల్లు" అనే టీవీ కామెడీ తీసేవాళ్ళం. మెట్ల మీద మూడు వందల మంది జనం, ఎదురుగా వంటిల్లూ హాలూ ఉన్న సెట్టు, పక్కన అద్దాల గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని నేను. నా పేరు వెండెల్. అది నడిచిన ఆరేళ్ళలో మీ ఇళ్ళల్లో మీరు విన్న ప్రతి మాటా, ప్రతి నవ్వూ నా వేళ్ళ కిందనుంచి వచ్చిందే.

ఆ కామెడీకి ప్రాణం ట్రెంట్ ప్రూయిట్. సన్నగా, ముందు పళ్ళు రెండూ ఎడంగా ఉన్న పిల్లవాడు. వాడి వేషం పేరు బటన్. దేశం మొత్తానికి వాడు బటనే, ట్రెంట్ అని పిలిచేది నేనూ, వాడి అక్క మార్లా, అంతే. షూటింగుకి ముందు మైకు సరిచూడ్డానికి నేను అందర్నీ అడిగే ప్రశ్న ఒకటే, పొద్దున ఏం తిన్నావని. మిగతావాళ్ళు విసుక్కుంటూ చెప్పేవాళ్ళు. వాడు మాత్రం పూసగుచ్చినట్టు చెప్పేవాడు. "రెండు వాఫిల్స్ తిన్నాను, వెండెల్ అంకుల్. పాలు తాగాను. వినిపిస్తోందా?"

వినిపిస్తోందిరా నాయనా అని బొటనవేలు చూపించేవాణ్ణి.

పంతొమ్మిది వందల ఎనభైలో, వాడి తొమ్మిదో ఏట, ఒక శుక్రవారం. ఆ వారం తమాషా ఏమిటంటే తల్లి వేషం వేసే ఆవిడ పాలకోసం ఫ్రిజ్ తెరుస్తుంది, లోపల వీడు ముడుచుకుని కూచుని కేకు తింటూ ఉంటాడు. లోపలినుంచి కూడా ఒక మాట అనాలి గనక పై అరకి చిన్న మైకు కట్టాను. టేపు మీద దాని చప్పుడు విడిగా ఎక్కే గీత నాలుగో ట్రాక్. పాతకాలపు ఫ్రిజ్, బరువైన పిడి. ఆవిడ లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. జనం ఫక్కున నవ్వారు. లోపలినుంచి వీడు దబదబా బాదాడు. ఇంకా నవ్వారు.

మా వృత్తిలో ఒక కట్టుబాటుంది. జనం నవ్వుతున్నంతసేపూ కెమెరా ఆపకూడదు. సెట్టు కూలిపోనీ, వేషగాడు పడిపోనీ, నవ్వు దానంతటది ఆగేదాకా ఎవడూ నోరెత్తకూడదు. ఆవిడ ఆరితేరిన నటి. ఫ్రిజ్‌కి వీపు ఆనించి, "ఇంట్లో దొంగలు కూడా బయటికి రానంటున్నారు, ఏం వంట చేస్తానో ఏమో" అంది. షెడ్డు కప్పు లేచిపోయింది. అంత నవ్వు నా జన్మలో వినలేదు. చివర్లో ఒక స్త్రీ గొంతు ఎక్కిళ్ళు పెట్టినట్టు రెండుసార్లు కీచుమంది.

అప్పుడు నా చెవిలో వాడి గొంతు. "వెండెల్ అంకుల్…"

ఏడుపు గొంతు. షెడ్డులో ఇంకెవరికీ వినపడదు. నాకొక్కడికే.

ఏం చేశానంటారా? నాలుగో ట్రాక్ శబ్దం తగ్గించే గుండీ కిందికి తిప్పేశాను. ఏడుపు కలిస్తే అంత బంగారం లాంటి నవ్వు పాడైపోతుందని. అంతే. ఇంకే కారణమూ లేదు. ఎన్ని రాత్రులు వెతికినా ఇంకో కారణం దొరకలేదు.

నిమిషం యాభై సెకన్లకి తలుపు ఊడొచ్చింది. వాడి మొహం సున్నం కొట్టినట్టుంది. అయినా వాడు చెప్పాల్సిన మాట మరవలేదు. "అమ్మా, తలుపేస్తే ఇందులో దీపం ఆరిపోతుంది, తెలుసా?" అన్నాడు. జనం లేచి నిలబడి నవ్వారు.

ఆ రోజు వరండాలో వాడి సొంత తల్లి నన్ను ఆపింది. చెయ్యి పట్టుకుని వాడు, వెనకాల పదకొండేళ్ళ మార్లా.

"వీడు నిన్ను పిలిచాడట, వెండెల్. నీకు వినపడిందని ఒకటే గోల. నిజమేనా?"

వాడు నా వంకే చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానమన్నది లేదు. నేను చెప్తానని వాడికి గట్టి నమ్మకం.

"అంత నవ్వుల్లో ఏం వినపడుతుందమ్మా" అన్నాను.

వాళ్ళమ్మ వాడి చెంప ఛెళ్ళుమనిపించింది. "అబద్ధాలొకటి నేర్చావు" అంది. నేను లోపలికెళ్ళి నాలుగో ట్రాక్‌ని అక్కణ్ణుంచి చివరిదాకా తుడిచేశాను. తేలు కుట్టిన దొంగకి నోరెక్కడిది?

ఆ తర్వాతి సంగతి పేపర్లు చదివినవాళ్ళకి తెలిసిందే. పదిహేడేళ్ళకి కారు గోడకి కొట్టాడు. పంతొమ్మిదికి మందుల షాపు అద్దం పగలగొట్టి జైలుకెళ్ళాడు. ప్రతిసారీ పేపర్లో చిన్నప్పటి ఫోటో వేసి కింద బటన్ ఊడింది అని రాసేవారు, చదివి నవ్వేవారు. వాడు మాత్రం అడిగినవాడికీ అడగనివాడికీ ఒకటే చెప్పేవాడు, ఆ రోజు నేను పిలిచాను, ఒక మనిషి విన్నాడు అని. నా పేరు ఏనాడూ బయట పెట్టలేదు. చివరికి మార్లా కూడా విసిగిపోయి ఫోన్లో, "అబద్ధాలకోరువి, చిన్నప్పట్నుంచీ అంతే" అని పెట్టేసింది. ఆ ఫోను తర్వాత పదకొండో రోజున బార్‌స్టో ఊళ్ళో ఒక మోటెల్ గదిలో చచ్చిపోయి దొరికాడు. ఇరవై ఆరేళ్ళు. గది తలుపు మరలు విప్పి గోడకి చేరేసి ఉందని పోలీసులు రాశారు. మత్తులో చేసిన పిచ్చిపని అనుకున్నారు.

మొన్న మార్చిలో మార్లా నాకు ఫోన్ చేసింది. ఆ కామెడీని మళ్ళీ విడుదల చేస్తున్నారట, పాత టేపులు బయటపడ్డాయట.

"ఆ శుక్రవారం టేపు వినడానికి ఒక మధ్యాహ్నం ఇచ్చారు, అంకుల్. ఆ మెషీను నడపడం ఇప్పుడక్కడ ఎవరికీ రాదట. మీరొస్తారా? వాడు నిజంగా పిలిచాడో లేదో తెలిస్తే చాలు. నేనన్న ఆ మాటతోటే వాడు పోయాడు. తెలుసుకోకుండా నేను పోలేను."

ఎందుకు ఒప్పుకున్నానో దాచను. అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు, తుడిచింది నేనే. పైగా గుండీల దగ్గర ఇంకెవరో కూచోవడం కంటే నేను కూచోవడం నయం.

మధ్యాహ్నం రెండు గంటలు. బయట ఎండ మండిపోతోంది. ఆ గదికి కిటికీ లేదు. నాలుగు గోడలకీ బూడిదరంగు దూది పలకలు, మన ఊపిరి మనకే వినపడేంత నిశ్శబ్దం. పాత టేపుని తిప్పే ముందు సన్నని సెగలో వేడిచేస్తారు, లేకపోతే పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ కాగిన వాసన గదంతా కమ్ముకుంది. వేడెక్కిన దుమ్ము, దాని వెనక పులిసిన పాల వాసన. ఈ రెండో వాసన ఎక్కడిదో నాకు తెలియలేదు.

"ఒక్కసారే తిరుగుతుంది, మార్లా. రెండోసారికి పూత రాలిపోతుంది" అన్నాను.

"ఒక్కసారి చాలు" అంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేనూ పెట్టుకున్నాను. ఇద్దరివీ ఒకే వైరు.

చక్రాలు తిరిగాయి. పిడి లాగిన చప్పుడు. నవ్వు. దబదబా బాదుడు. నవ్వు. ఆవిడ మాట. ఆ పెద్ద నవ్వు, చివర్లో ఆ కీచు. నాలుగో ట్రాక్ మీటరు ముల్లు సున్నా మీద పడుకుంది. హమ్మయ్య అనుకున్నాను.

ముల్లు కదిలింది.

"వెండెల్ అంకుల్…"

గుండీ కిందికి తిప్పాను. అసంకల్పితంగా, అప్పటిలాగే. గొంతు తగ్గలేదు.

"అంకుల్… తలుపు రావట్లేదు."

మార్లా వంక చూశాను. కళ్ళు మూసుకునే ఉంది. మొహంలో మార్పు లేదు.

"టెస్ట్… టెస్ట్… పొద్దున రెండు వాఫిల్స్ తిన్నాను. పాలు తాగాను. వినిపిస్తోందా?"

మిగతా ట్రాకుల్లో తలుపు ఊడొచ్చిన చప్పుడు వినపడింది. ట్రెంట్ బయటికొచ్చాడు. దీపం మాట అన్నాడు. జనం లేచి నవ్వుతున్నారు… నాలుగో ట్రాకులో బాదుడు ఆగలేదు.

"నేనింకా ఇక్కడే ఉన్నాను, అంకుల్…"

బయట వాడు నవ్విస్తున్నాడు. లోపల వాడు బాదుతున్నాడు. ఇద్దరూ వాడే. టేపు సాగుతున్న కొద్దీ లోపలి గొంతు బొంగురుపోయింది. పదిహేనేళ్ళ గొంతు. ఇరవయ్యేళ్ళ గొంతు. ఆఖరికి సిగరెట్లు కాల్చి కాల్చి అరిగిపోయిన మగవాడి గొంతు, నా చెవికి ఆనుకుని…

"మార్లాకి చెప్పు. ఒక్క ముక్క. చాలు."

టేపు అయిపోయింది. కొస టపటపా కొట్టుకుంటోంది. మెషీను ఆపాను.

మార్లా హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "బాదాడు. అంతే. ఆ తర్వాత ఏమీ లేదు." నా వంక చూసింది. "మీ చెవులు వేరు కదా, అంకుల్. మీకేమైనా వినపడిందా?"

చూడండి, దేవుడు కొందరికి రెండో అవకాశం ఇవ్వడు. నాకిచ్చాడు.

"లేదమ్మా" అన్నాను.

మెషీను ఆగిపోయి ఉంది. హెడ్‌ఫోన్లు నా మెడలో ఉన్నాయి. అందులోంచి తొమ్మిదేళ్ళ గొంతు, మెల్లగా, కోపం లేకుండా అంది. "సరే."

ఆ ఒక్క మాటకి నేను విరిగిపోయాను. తిట్టినా తట్టుకునేవాణ్ణి. మార్లా చేతిసంచిలో రుమాలు వెతుక్కుంటోంది. "అయితే నేనన్నది నిజమే అన్నమాట. వాడు అబద్ధమే…" అంటోంది.

"మార్లా, ఆగు. వాడు పిలిచాడు. నేను విన్నాను. నవ్వు పాడవుతుందని గొంతు తగ్గించింది నేనే. మీ అమ్మకి అబద్ధం చెప్పాను. ఇప్పుడు నీకూ చెప్పాను."

మార్లా తలెత్తింది. కళ్ళనిండా నీళ్ళు. నోరు తెరిచింది.

నవ్వింది.

ఏడవలేక నవ్వే నవ్వు కాదు, కడుపారా నవ్వింది. పొట్ట పట్టుకుని, వెనక్కి వాలి… చివర్లో ఎక్కిళ్ళు పెట్టినట్టు రెండుసార్లు కీచుమంది.

ఆగింది. కళ్ళు తుడుచుకుంది. "ఏదో అంటున్నారు, అంకుల్?"

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే నవ్వు. టేపులో ఉన్నంతే పొడుగు. అదే చోట ఆ కీచు. మూడోసారి చెప్పే ధైర్యం లేకపోయింది. ఆమె నా భుజం తట్టి, "వాడు అబద్ధాలకోరే. ఇన్నేళ్ళకి మనసు తేలికపడింది, థాంక్స్" అని వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళాక ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు, ఆరు పేజీలు. నాలుగో రోజున జవాబొచ్చింది. "అంకుల్, ఎన్నాళ్ళకో ఇంత నవ్వుకున్నాను. మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను." పాస్టరు దగ్గరికెళ్ళి చెప్పాను. ఆ పెద్దమనిషి శిలువ కింద కూచుని ఊపిరాడనంతగా నవ్వాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఇంతే మరి. మీరూ నవ్వితే నవ్వండి, అలవాటైపోయింది.

చివరికి నిన్న పొద్దున్నే వాడి సమాధి దగ్గరికెళ్ళాను. చచ్చినవాళ్ళు నవ్వరు కదా. గడ్డి మీద మోకాళ్ళూని, టోపీ తీసి, గట్టిగా చెప్పాను. మొదట్నుంచీ చివరిదాకా, ఏదీ దాచకుండా. వాడు అబద్ధాలకోరు కాదు, నేనే అని చెప్పాను. చెబుతూ ఏడ్చాను.

ఎవరూ నవ్వలేదు.

రెండు వరసల అవతల ఒక ముసలావిడ పూలు నాటుతోంది. పని ఆపి నా మాటలన్నీ విన్నట్టుంది. తడికళ్ళతో లేచి నిలబడి, మెల్లగా చప్పట్లు కొట్టడం మొదలెట్టింది. ఆవిడ చేతులకి మందపాటి గుడ్డ తొడుగులున్నాయి, వాటి నిండా తడిమట్టి. ఆ చేతులు కలిస్తే చప్పుడు రాకూడదు.

చప్పట్లు మాత్రం వినపడుతున్నాయి… ఆ షెడ్డు మెట్ల మీది మూడు వందల మందివి, గడ్డి కిందనుంచి.