మాణిక్యమ్మ చెయ్యి

ఇందుమతి కుడిచేతికి గ్లవ్ తొడుక్కుంది. వంగమొక్క ముందు పీట వేసుకుని కూర్చుంది. కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కళ్ళు మూసుకోనక్కర్లేదమ్మా, ఇదేం ఇంజక్షన్ కాదు," అన్నాడు డాక్టర్ కరుణాకర్, ట్యాబ్ మీద వేలు పెడుతూ.

"మీకేమండీ, ఎన్నయినా చెప్తారు. ఇందులో ఉన్నది మా అత్తగారు."

ముందు బొటనవేలు కదిలింది, తర్వాత చూపుడువేలు. ఇందుమతి కదపలేదు, వాటంతట అవే కదిలాయి. రెండూ కలిసి ఊదారంగు పువ్వు తొడిమని కిందనించి పట్టుకుని వణికాయి. పువ్వు నడిమి నుంచి చిటికెడు పసుప్పచ్చటి పొడి రాలింది. అలా పువ్వు పువ్వునీ పలకరించాక, చెయ్యి వెళ్ళి కుండీ అంచు మీద రెండుసార్లు కొట్టింది. టక్, టక్.

ఇందుమతి కళ్ళు తెరిచింది. పద్దెనిమిదేళ్ళు రోజూ పొద్దున్నే విన్న చప్పుడది. నాలుగు నెలల కిందట అత్తగారు మాణిక్యమ్మతో పాటే పోయిందనుకుంది.

ఇక్కడ కాస్త సైన్సు చెప్పుకోవాలి. ఈ కథ చెప్పేవాడు సైన్సంతా పకోడీ పొట్లాలు విప్పి చదువుకున్నవాడే గనక భయపడాల్సిన పనిలేదు. అతగాడికి అర్థమైందంటే ఎవరికైనా అవుతుంది.

అప్పటికి కాకినాడలో తేనెటీగ గానీ తుమ్మెద గానీ కనపడక తొమ్మిదేళ్ళయింది. వంగపువ్వు మహా లోభి. పుప్పొడిని సన్నటి గొట్టాల్లో దాచుకుని, చివర చిన్న చిల్లు మాత్రం ఉంచుతుంది. ఉప్పు సీసాని తిరగేసి కుదిపినట్టు ఎవరో ఒకరు కుదిపితే గానీ రాల్చదు. ఆ పని తుమ్మెదలు చేసేవి. పువ్వుని కరుచుకుని ఝుమ్మని ఊగేవి. అవి పోయాక మేడల మీద వంగమొక్కలు ఏపుగా ఎదగడం, విరగబూయడం, పూలన్నీ రాల్చుకోవడం, అంతే. ఎండకి తట్టుకునే కొత్త రకం వంగడాలైతే మరీ సుకుమారం. బ్యాటరీ యంత్రం తగిలిస్తే పొడి కాదు, పువ్వే ఊడి చేతిలోకొచ్చేది.

ఊరు మొత్తానికి ఒక్క మేడ మీదే కాయలు కాసేవి. అది మాణిక్యమ్మ మేడ. పాత పెయింటు డబ్బాలు, పగిలిన టబ్బు, వాటిలో వంగ, టమాటా, గట్టు మీదకి పాకించిన బీర. వీధి వీధంతా అది ఆవిడ హస్తవాసి అంది. మాఘం వెళ్ళిందంటే చాలు, "పిన్నిగారూ, ఒక్కసారి మా మొక్కల మీద చెయ్యేసి పొండి" అని జనం గుమ్మంలో నిలబడేవారు. ఆవిడ పమిట సర్దుకుని, పెళ్ళిపెద్దలా వెళ్ళేది.

ఆ సంగతి విని, మొక్కల ల్యాబ్ నుంచి కరుణాకర్ వచ్చి ఆవిడ చేతి కదలిక కొలిచాడు. తేలిందేమిటంటే, అది వణుకు. నరాల జబ్బు, ఆరేళ్ళుగా ముదురుతోంది. పైకి కనపడే పెద్ద వణుకు లోపల ఇంకో సన్నటి వణుకు దాగి ఉంది. అది మనుషులకి తెలీదు, పువ్వుకి తెలుస్తుంది. ఆవిణ్ణి ఒక్కరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. వరాన్ని ఎవరైనా ఆస్పత్రిలో చూపిస్తారా? అతను నలభై రోజులు ఆవిడ చేతికి గ్లవ్ తొడిగి, పొద్దుటిపూట చేసిన ప్రతి కదలికా రికార్డు చేశాడు. ఆ మరుసటి వారమే జ్వరమొచ్చి ఆవిడ పోయింది. ఆ కదలికల్నే గ్లవ్ ఇప్పుడు తొడుక్కున్న చేతి చేత చేయిస్తోంది.

"వేరేవాళ్ళకి తొడగలేకపోయారా?" అంది ఇందుమతి.

"మీ చెయ్యి కదలదు గనక మీకే తొడిగాను. రికార్డులోకి వేరే వణుకు కలవకూడదు. నా చెయ్యంటారా, బోటనీలో పీహెచ్‌డీ చేసినవాణ్ణి, నన్ను చూసి మా ఇంట్లో మనీప్లాంటే ఎండిపోయింది."

కదలదన్న మాట నిజం. ఇందుమతిది మగ్గం పని. పట్టు జాకెట్ల మీద జర్దోసీ, పూసలు, నెమలికన్నులు. జుట్టంత సూదిలోకి ఆవగింజంత పూస ఎక్కించి, చూడకుండా కుట్టేస్తుంది. ఆ ఇంటికి అన్నం పెట్టేదీ, ఆమెకో పేరు పెట్టినదీ ఆ చెయ్యే. మాణిక్యమ్మ మాత్రం ఆ చేతిని కుండీల దగ్గరికి రానిచ్చేది కాదు. "నీ చెయ్యి గుడ్డకి మంచిదే గానీ మొక్కకి పనికిరాదే. అంత దూరాన ఉండు" అనేది. పద్దెనిమిది వసంతాలు ఇందుమతి అంత దూరానే ఉంది.

పూలన్నీ అయిపోయాయి. గ్లవ్ ఆగలేదు. చెయ్యి మెల్లిగా వెల్లకిలా తిరిగింది. వేళ్ళు సగం ముడుచుకుని దోసిట్లో సగంలా నిలిచాయి. అలా గాల్లో ఉండిపోయింది, ఒక నిమిషం, ఇంకో అర నిమిషం.

"ఇదే నాకు అంతుపట్టట్లేదు," అన్నాడు కరుణాకర్. "నలభై రోజులూ ఉంది. ఏం చేసేవారావిడ?"

ఇందుమతికి తెలుసు. పని అయ్యాక మాణిక్యమ్మ పీట మీదనించి లేవకుండా కాఫీ కోసం చెయ్యి చాపేది. ఇందుమతి మగ్గం మీదనించి వెంటనే లేచేది కాదు. తీరా తెచ్చినా సగం గ్లాసే. "ఏమే, ఇంట్లో పాలకి కరువొచ్చిందా?" అని మొదట్లో అడిగింది ముసలావిడ. "నిండుగా ఇస్తే ఒలకబోస్తారుగా అత్తయ్యా!" ఆ తర్వాత ఆవిడ మళ్ళీ అడగలేదు. గ్లాసులోకి ఓసారి చూసుకుని తాగేసేది.

ఇదంతా చదువుకున్న మనిషికి ఎలా చెప్పడం?

"సూర్యుడికండి," అంది. "పనయ్యాక అలా చెయ్యి చాపి దణ్ణం పెట్టుకునేవారు."

"అలాగా! అనవసరమని కత్తిరించేద్దామనుకున్నాను. ఉంచేస్తా. ఆ హస్తవాసిలో దాని వాటా ఎంతో ఎవరు చూడొచ్చారు." రాసుకున్నాడు. లేస్తూ చెప్పాడు: "రోజుకి పది నిమిషాలమ్మా. మీ మేడ మీదే. గ్లవ్ నేర్పిందేదో, సొంత అలవాటేదో నరాలకి తేడా తెలీదు. మీది సూది పని."

పన్నెండో రోజుకి ముళ్ళ తొడిమల కింద గోళీకాయలంత వంగపిందెలు నిగనిగలాడాయి. పక్క మేడ మీద బట్టలారేస్తున్న గౌరీశ్వరి పిట్టగోడ మీద వాలిపోయి చూసింది.

"ఓసి ఇందూ! మీ అత్తగారి చెయ్యి నీకొచ్చిందే!"

ఇందుమతికి ఆ మాట కడుపు నిండా అన్నం పెట్టినట్టయింది.

"గ్లవ్ వల్లక్కా."

"ఏదో వల్లలే. ఒక్కసారి మా మేడెక్కి పోవే. పుణ్యముంటుంది."

వెళ్ళింది. మర్నాడు ఎదురింటికి. ఆ పైవారం వెనక వీధికి. పిలిచినవాళ్ళు పీట వేశారు, మజ్జిగిచ్చారు, వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టారు. భర్త ప్రకాశరావు పోర్టులో షిఫ్టు దిగొచ్చి ఓ రోజు అడిగాడు.

"డాక్టరు పది నిమిషాలన్నాడు కదా?"

"పది నిమిషాలేనండీ. ఇంటికి."

చెయ్యి మాత్రం ఆ ఇళ్ళలో పాత చుట్టంలా మసిలేది. పండుటాకు కనిపిస్తే గిల్లేది, ఇందుమతి పమిటని తనే భుజం మీదికి లాగి సర్దేది. ఓసారి గౌరీశ్వరితో నవ్వుతూ కబుర్లు చెప్తుంటే, వచ్చి మోకాలి మీద తట్టింది. మెత్తగా, మూడుసార్లు. ఇందుమతికి నవ్వు ఆగిపోయింది.

కరుణాకర్‌కి ఫోన్ చేసింది.

"ఆవిడ చేసిందే అందులో ఉంటుందమ్మా, కొత్తగా ఏదీ రాదు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులుండేవా?"

"ఉండేవి. తట్టుకుంటూ కూర్చునేవారు."

"మరదే. ఆవిడ మోకాలే."

"ఇప్పుడక్కడ ఉన్నది నా మోకాలండీ," అంది ఇందుమతి.

చైత్రం వచ్చేసరికి ల్యాబ్ గ్లవ్‌లని వేలల్లో తీసింది. ఊళ్ళో ప్రతి మేడకీ ఒకటి. దాంతోపాటు చిన్న పుస్తకం: 'చివర నిమిషంన్నర సూర్యవందనం. మానరాదు.' పొద్దున్న ఆరున్నరకి ఊరంతా టక్, టక్ మని కుండీల చప్పుడు. కొన్నాళ్ళకి వంకాయ మళ్ళీ వంకాయంత చవకైంది. జనం ఇందుమతిని మాత్రం పిలవడం మానలేదు. గ్లవ్ ఎవరికైనా ఉంటుంది, చెయ్యి వేరు అన్నారు. ఆమె కూడా కాదనలేదు.

ఆ రోజుల్లోనే ఓ పెళ్ళికూతురి జాకెట్ మగ్గం మీదకెక్కింది. నీలం పట్టు, వీపు మీద నెమలి. కంటి దగ్గర ఒక్క పూస పెట్టాలి. సూది పూసకి తగల్లేదు. కళ్ళజోడు తుడుచుకుంది. పూస జారింది. ఇంకోటి తీసింది, అదీ జారింది. మూడోది గచ్చు మీద దొర్లుకుంటూ మంచం కిందికి పోయేదాకా చూసి, అప్పుడు చెయ్యి వంక చూసుకుంది.

గ్లవ్ పైన మేడ మీద మేకుకి వేలాడుతోంది. చెయ్యి ఇక్కడ వణుకుతోంది.

తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. తొడ వణికింది.

పదకొండు రోజులు గ్లవ్ ముట్టలేదు. పన్నెండో రోజు పొద్దున్నే, ఆమె ఫోన్ చేస్తే, కరుణాకర్ మేడ మీదికొచ్చి, ఆమె చేతిని తన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నిజంగా తీసేశారా?"

"నేను తీసేశానండీ. అదే నన్ను వదల్లేదు."

"రోజుకి ఎన్ని నిమిషాలు?"

"పదే."

"ఎన్ని ఇళ్ళు?"

వేళ్ళ మీద లెక్కపెట్టబోయింది. వేళ్ళు నిలవలేదు. "నలభై పైనే," అంది.

"తగ్గుతుందని చెప్పాలని ఉందమ్మా. కానీ తెలీదు." చుట్టూ మేడల వంక చూశాడు. "పది నిమిషాలు దాటనివాళ్ళకి ఏమీ కాదు."

"వాళ్ళని అడిగితే వాళ్ళూ పదే అంటారండీ."

అతను ట్యాబ్ సంచిలో పెట్టుకుంటూ, చేతిలోని పెన్నుతో పక్కనున్న కుండీ అంచు మీద కొట్టాడు. టక్, టక్. కొట్టినట్టు అతనికి తెలీదు. పంపే ముందు ప్రతి గ్లవ్‌నీ స్వయంగా తొడిగి పరీక్షించిన మనిషి. ఇందుమతి చూసింది, చెప్పలేదు.

"డాక్టరు గారూ, అది సూర్యుడికి కాదండి."

"ఏది?"

పిట్టగోడ అవతలికి చూపించింది. గౌరీశ్వరి, ఎదురింటాయన, ఆ వెనక మేడ, ఆ వెనక ఇంకో మేడ, కంటికానినంత మేరా మనుషులు పీటల మీద కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి కుడిచెయ్యీ వెల్లకిలా తిరిగి, వేళ్ళు సగం ముడుచుకుని, గాల్లో సన్నగా వణుకుతూ ఎదురుచూస్తోంది.

"కాఫీకండి. నేను ఆలస్యంగా తెచ్చేదాన్ని."

కరుణాకర్ నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. ఆ చేతుల్ని చూసి, "పుస్తకం నాలుగో ముద్రణ కూడా అయిపోయిందమ్మా," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇందుమతి పీట మీద కూర్చుంది. వంగమొక్క తలెత్తుకుని నిలబడి ఉంది, కొమ్మకి రెండేసి కాయలు. కాసేపటికి కూతురు తన్వి కాఫీ పట్టుకొచ్చింది. ఇంటర్ పరీక్షల హడావిడిలో ఉంది. గ్లాసు చేతిలో పెట్టేసి వెనక్కి తిరిగింది.

ఇందుమతి గ్లాసులోకి చూసుకుంది.

"సగమే తెచ్చావేమే?"

"నిండుగా తెస్తే ఒలకబోస్తావు కదమ్మా," అంది తన్వి మెట్ల మీంచే.

ఇందుమతి ఇంక అడగలేదు. రెండు గుక్కల్లో తాగేసి, గ్లాసు గచ్చు మీద పెట్టి, ఒళ్ళో చేతులు పెట్టుకుంది. ఎడమచెయ్యి ఒళ్ళోనే ఉంది. కుడిచెయ్యి, గ్లవ్ లేని ఉత్త చెయ్యి, మెల్లిగా వెల్లకిలా తిరిగి, వేళ్ళు సగం ముడుచుకుని, ఎండలోకి చాచుకుంది. మిగతా సగం కోసం.