ముత్తురేవు మంచినీటి బావి

పూర్వం కనకాద్రి రాజ్యం మీద ఒక మాంత్రికుడి శాపం పడింది. నాటి నుంచి అక్కడివాళ్ళకు నవ్వూ లేదు, ఏడుపూ లేదు. పెళ్ళిబాజాలు మోగినా, పాడె లేచినా అందరి ముఖాలూ ఒక్క తీరే. పసివాళ్ళు పడిపోతే ఎత్తుకునేవారు లేరు.

కట్టెలు కొట్టే వీరన్న చెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. కూతురు సింగసాని తండ్రి చితి ఆరేదాకా నిలబడి చూసి, ఇంటికొచ్చి పొయ్యి రాజేసింది. తల్లి గౌరసాని గంజి తాగింది. ఇద్దరి కళ్ళల్లోనూ తడి లేదు. ఇది సరికాదని సింగసానికి తెలుసు. తెలియడమే తప్ప బాధ లేదు.

ఆమె వెళ్ళి ఈ శాపం పోయే దారేమిటని ముసలి మంత్రిని అడిగింది.

"దక్షిణపు కొసన ముత్తురేవు ఉందమ్మా. మన పూర్వులు ఓడల్లో వచ్చి మొదట దిగిన చోటు అదే. వాళ్ళు తవ్విన బావినీరు ఈ శాపాన్ని విరుస్తుంది. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు," అన్నాడాయన, రేపు వాన పడుతుందన్నంత మామూలుగా.

ఆమె బయలుదేరింది. దారిలో వచ్చిన నల్లడవిలో ఒక రాక్షసుడు అడ్డంగా నిలిచి గర్జించాడు. సింగసాని కదల్లేదు.

"నేనంటే భయం లేదా?" అన్నాడు వాడు.

"భయం ఎలా ఉంటుందో మరిచిపోయాను. తప్పుకో."

వాడు విసుగ్గా పక్కకు జరిగాడు. అడవి దాటాక ఉప్పునేలల్లో గవ్వపెంకులు పాదాలు కోశాయి. ఆమెకు నొప్పి తెలియలేదు.

ముత్తురేవులో ఇసుకలో కూరుకుపోయిన ఓడలూ, పది పన్నెండు గుడిసెలూ ఉన్నాయి. బావి దగ్గర పోలమ్మ అనే అవ్వ కూర్చుని ఉంది. మొదట దిగినవాళ్ళ వంశంలో ఇంకా ఆ రేవులోనే మిగిలింది ఆమె ఒక్కతే.

"నలభైమంది దిగారు తల్లీ. మంచినీళ్ళు పడేసరికి పదకొండుమందే మిగిలారు. పోయినవాళ్ళ కోసం ఏడుస్తూనే తవ్వారు. ఈ నీళ్ళు ముందు నువ్వు తాగాలి. తాగనివాళ్ళ కుండలో నీరు నిలవదు."

"మరి ముందు వచ్చినవాళ్ళు?"

"తాగారు, భయం తెలిసింది, అడవి దాటలేక ఈ గుడిసెల్లోనే ఉండిపోయారు. ఒక్కమాట గుర్తుపెట్టుకో. ఆ రాక్షసుడు పరుగెత్తేవాళ్ళనే పట్టగలడు."

సింగసాని దోసిలి పట్టి తాగింది. పాదాలు భగ్గుమన్నాయి. ఆ వెంటనే, "నాన్నా!" అంటూ ఇసుకలో కూలబడిపోయింది. అవ్వ ఆమె తల ఒళ్ళోకి తీసుకుని, ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చింది.

మర్నాడు కుండ నెత్తిన పెట్టుకుని అడవిలో అడుగుపెట్టింది. రాక్షసుడి వేడి ఊపిరి మెడకు తగిలింది. కాళ్ళు పరుగు అందుకోబోయాయి, కుండలో నీరు తొణికింది. "మా అమ్మ ఇంకా ఏడవలేదు," అని తనలో తాను అనుకుంటూ, పరుగెత్తకుండా ఒక్కొక్క అడుగే వేసింది. చివరి చెట్టు దాటాకగానీ వెనక్కి చూడలేదు.

రాజధానిలో నీళ్ళు తలా ఒక గుక్క పంచారు; ఎంతమందికి పోసినా కుండ తరగలేదు. గౌరసాని తాగి, ఇంటి మూలనున్న భర్త గొడ్డలిని చూసి గుండెలు బాదుకుంది. సింగసాని తల్లిని గట్టిగా పట్టుకుంది. ఆరోజంతా రాజ్యం ఏడ్చింది. మర్నాటి పొద్దున ఏ వీధిలోనో ఒక పసిపాప కిలకిలా నవ్వింది.

రాజు సింగసానిని ముత్తురేవుకు ఏలికను చేశాడు. ఆమె తల్లితో, కొన్ని కుటుంబాలతో వెళ్ళి ఆ రేవును మళ్ళీ నిలబెట్టింది. ఓడలు వచ్చాయి. గుడిసెల్లో చిక్కుకుపోయినవాళ్ళను ఆమె తానే చెయ్యి పట్టుకుని, నడిపిస్తూ, ఒక్కొక్కరినే అడవి దాటించి ఇళ్ళకు చేర్చింది.